ఫోను చేసినవాళ్లు కారు చేయగలరా?

పిల్లలూ! మీ ఇంట్లో ఉన్న సెల్‌ఫోన్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అరచేతిలో ఇమిడే ఆ పలక మాట్లాడుతుంది, ఫోటోలు తీస్తుంది, దారి చూపుతుంది, లెక్కలు కడుతుంది, పాటలు వినిపిస్తుంది. ఇంతటి తెలివైన వస్తువును కోట్ల సంఖ్యలో చేసి ప్రపంచమంతటా అమ్మే సంస్థలకు ఒక కారు చేయడం ఓ లెక్కా? నాలుగు చక్రాలు, ఒక స్టీరింగు, నాలుగు తలుపులు, ఇంతే కదా!

అలా అనుకున్నవాళ్లు మీరొక్కరే కాదు. ప్రపంచంలోకెల్లా గొప్ప సంస్థలు కొన్ని సరిగ్గా ఇలాగే అనుకున్నాయి. ఐఫోన్ చేసే ఆపిల్ సంస్థ 2014 ప్రాంతంలో రహస్యంగా కారు పని మొదలుపెట్టింది. వేలమంది ఇంజనీర్లు పనిచేశారు. పదేళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరిలో, ఒక్క కారు కూడా అమ్మకుండానే ఆ పని మానుకుంది. ఇంట్లో దుమ్ము పీల్చే యంత్రాలకు పేరుపొందిన బ్రిటన్ సంస్థ డైసన్ 2019లో తన కారు పథకాన్ని కట్టిపెట్టింది. చైనాలో ఫోన్లు చేసే షావోమి మాత్రం కారు చేస్తామని చెప్పిన మూడేళ్లలో చేసి చూపించింది. కాని ఆ తర్వాత అదికూడా ఒక చేదు పాఠం నేర్చుకోవలసి వచ్చింది.

తెలివికి లోటు లేదు, డబ్బుకు లోటు లేదు. మరి చిక్కంతా ఎక్కడుంది? ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ చూద్దాం.

కోటగోడ కూలింది

ముందుగా, ఈ సంస్థలకు ఆ ఆశ ఎందుకు కలిగిందో తెలుసుకోవాలి. పెట్రోలు కారులో ప్రాణమంతా ఇంజనులోనే ఉంటుంది. దానిలోపల నిమిషానికి కొన్ని వేలసార్లు ఇంధనం భగ్గున మండుతుంది. ఆ మంట ముషలకాలను నెడుతుంది. ముషలకాలు ఇరుసును తిప్పుతాయి. ఆ వేడికీ ఒత్తిడికీ ఓర్చుకుని, లక్షల కిలోమీటర్లు నడిచే ఇంజనును చేయడం సామాన్యమైన విద్య కాదు. కార్ల సంస్థలు నూరేళ్లపాటు దాన్ని సానపట్టుకుంటూ వచ్చాయి. బయటివారికి అది పెద్ద కోటగోడ.

విద్యుత్తు కారు రావడంతో ఆ గోడ కూలింది. విద్యుత్తు కారులో పెట్రోలు ఇంజను ఉండదు. బ్యాటరీ, మోటారు, వాటిని అదుపుచేసే ఎలక్ట్రానిక్ పరికరాలు ఉంటాయి. మీ ఇంట్లో ఫ్యాను తిరగడానికి కారణమైన విద్యుదయస్కాంత సూత్రమే ఈ మోటారునూ తిప్పుతుంది. బ్యాటరీ కూడా మీ ఫోనులో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ జాతిదే. 2008లో అమెరికాలోని టెస్లా సంస్థ తన తొలి కారును అమ్మినప్పుడు అందులో 6,831 చిన్న చిన్న బ్యాటరీ ఘటాలను పేర్చింది. అవి లాప్‌టాప్ కంప్యూటర్లలో వాడే రకం ఘటాలే!

"బ్యాటరీ మాకు తెలుసు, ఎలక్ట్రానిక్స్ మాకు తెలుసు, కంప్యూటరుకు ఆదేశాలు రాయడం మాకు తెలుసు. ఇక మిగిలింది చక్రాలేగా!" అనుకున్నాయి సాంకేతిక సంస్థలు. ఒడ్డున నిలబడి చూసేవాడికి ఏరు లోతు తెలియదు. దిగాక తెలిసింది.

రెండు జౌళ్లు, ఏడు లక్షల జౌళ్లు

మొదటి లోతు భౌతికశాస్త్రానిది. మీ ఫోను చేయి జారి కింద పడిందనుకోండి. దాని బరువు 200 గ్రాములు. పడిన ఎత్తు ఒక మీటరు. నేలను తాకేటప్పటికి దానికుండే శక్తి సుమారు 2 జౌళ్లు. మహా అయితే అద్దం పగులుతుంది. నాన్న కోప్పడతారు.

ఇప్పుడు రెండు టన్నుల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. గతిశక్తికి సూత్రం మీరు చదువుకున్నదే: ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, అందులో సగం తీసుకోవాలి. లెక్క కడితే ఏడు లక్షల డెబ్బై వేల జౌళ్లు వస్తుంది. పదమూడు అంతస్తుల మేడ మీదనుంచి ఆ కారును కింద పడేస్తే నేలను తాకేటప్పుడు ఎంత శక్తి ఉంటుందో దాదాపు అంతే శక్తి. ఆ కారులో మీరూ, మీ చెల్లెలూ, అమ్మానాన్నా కూచుని ఉన్నారు!

కారు దేనికైనా గుద్దుకుంటే ఆ శక్తి అంతా ఎక్కడికి పోవాలి? మనుషుల మీదికి పోకూడదు. అందుకే కారు ముందు భాగాన్ని కావాలనే నలిగేటట్టు చేస్తారు. క్రికెట్ ఆటలో వేగంగా వచ్చే బంతిని పట్టేవాడు చేతులను వెనక్కు లాక్కుంటూ పడతాడు, చూశారా? ఆగడానికి పట్టే సమయం పెరిగితే చేతికి తగిలే దెబ్బ తగ్గుతుంది. కారు ముందు భాగం నలుగుతూ ఆగినప్పుడు జరిగేదీ అదే. కాని మనుషులు కూచునే గది మాత్రం నలగకూడదు. ఎక్కడ మెత్తని ఉక్కు పెట్టాలి, ఎక్కడ గట్టి ఉక్కు పెట్టాలి, ఏ రేకు ఏ క్రమంలో ముడుచుకోవాలి అన్నదంతా ముందే లెక్క కట్టాలి.

లెక్క సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి నిజమైన కార్లను, లోపల మనుషుల బదులు బొమ్మలను కూర్చోబెట్టి, అడ్డుకట్టలకు గుద్దించి చూస్తారు. మన దేశంలో 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలలో కారు ముందు భాగాన్ని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దిస్తారు. ప్రతి పరీక్షకూ ఒక కొత్త కారు తుక్కు కావలసిందే. ఫోనులో తప్పు దొరికితే రాత్రికి రాత్రి కొత్త ఆదేశాలు పంపి సరిదిద్దవచ్చు. తప్పుగా ముడుచుకునే ఉక్కును మాత్రం ఏ ఆదేశం పంపి సరిదిద్దగలం?

ముప్పై వేల ముక్కలు

రెండో లోతు లెక్కలది. చిన్న చిన్న మరలతో సహా లెక్కపెడితే ఒక కారులో సుమారు 30,000 భాగాలుంటాయి. వీటిలో చాలా భాగాలను కారు సంస్థ స్వయంగా చేయదు. అద్దాలు ఒకరు, టైర్లు ఒకరు, బ్రేకులు ఒకరు, సీట్లు ఒకరు, ఇలా వందలమంది చేసి పంపిస్తారు.

ఇప్పుడు మీకో లెక్క. ప్రతి లక్ష భాగాలలోనూ ఒకే ఒక్కటి లోపంతో వస్తున్నదనుకుందాం. లక్షకు ఒకటి! ఎంత మంచి పనితనం! ఈ పనితనంతో వెయ్యి భాగాలున్న వస్తువును చేస్తే, నూరు వస్తువులలో ఒకదానిలో మాత్రమే లోపం ఉంటుంది. అదే పనితనంతో ముప్పై వేల భాగాలున్న కారును చేస్తే? దాదాపు ప్రతి నాలుగు కార్లలోనూ ఒకదానిలో ఏదో ఒక లోపం దూరుతుంది. అంటే, చిన్న వస్తువుకు "భేష్" అనిపించుకున్న పనితనం కారుకు చాలదన్నమాట.

పైగా 29,999 భాగాలు సిద్ధంగా ఉండి ఒక్కటి రాకపోయినా కారు కదలదు. 2021లో ప్రపంచమంతటా ఇదే జరిగింది. కార్లలో వాడే చిన్న చిన్న ఎలక్ట్రానిక్ చిప్పులు దొరక్క పెద్ద పెద్ద కర్మాగారాలే రోజుల తరబడి పని ఆపుకున్నాయి.

ఒక్కటి చేయడం వేరు, లక్ష చేయడం వేరు

ఒక మంచి కారును చేతితో మలచి ప్రదర్శనలో పెట్టడం కష్టమేమీ కాదు. అచ్చం అలాంటివే వారానికి వేల కార్లు చేయడంలోనే అసలు విద్య ఉంది. టెస్లా కథ వింటే మీకే తెలుస్తుంది.

టెస్లా 2003లో పుట్టింది. మొదటి కారుకు చట్రాన్ని సొంతంగా చేసుకోకుండా, బ్రిటన్‌లోని లోటస్ సంస్థవారి కారును ఆధారం చేసుకుంది. 2010లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక పెద్ద కార్ల కర్మాగారాన్ని కొన్నది. తర్వాత, సామాన్యులు కూడా కొనగల 'మోడల్ 3' అనే కారు తలపెట్టింది. 2017 జులైలో మొదటి 30 కార్లను కొన్నవారి చేతికిచ్చింది. ఆ ఏడు చివరికల్లా వారానికి 5,000 కార్లు చేస్తామన్నది. తీరా జులై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలలలో చేయగలిగినవి ఎన్నో తెలుసా? 260!

ఎందుకలా జరిగింది? టెస్లా వారు మనుషులు చేసే పనులను కూడా మరమనుషులకే అప్పగించబోయారు. బ్యాటరీ పెట్టె మీద పరచడానికి దూదిలాంటి మెత్తని పొరలుండేవి. వాటిని ఎత్తి సరిగా పరచడానికొక మరమనిషిని పెట్టారు. ఉక్కు రేకును మిల్లీమీటరు తేడా రాకుండా పట్టుకోగల ఆ యంత్రం చేతికి ఈ మెత్తని పొర చిక్కేది కాదు. మాటిమాటికీ పని ఆగిపోయేది. మన చేతికి అది చిటికెలో పని! చివరకు ఎవరికో అసలు అనుమానం వచ్చింది: ఈ పొర దేనికి? చప్పుడు తగ్గించడానికేమోనని, పొర ఉన్న కారునూ లేని కారునూ నడిపి పోల్చి చూశారు. ఏ తేడా లేదు! అవసరమే లేని వస్తువును, చేతకాని యంత్రంతో, నెలల తరబడి పరిపించారన్నమాట.

యంత్రాలను అతిగా పెట్టడం పొరపాటేనని ఆ సంస్థ అధిపతి ఇలాన్ మస్క్ 2018లో ఒప్పుకున్నాడు. కర్మాగారం ఆవరణలో పెద్ద గుడారం వేసి, అందులో మనుషుల చేత కార్లు బిగింపజేశారు. వారానికి 5,000 అన్న మాట 2018 జూన్ చివరి వారానికి నిజమైంది. ఏడాదంతా కలిపి చూస్తే మొదటిసారి లాభం కనబడింది 2020లో. అంటే పుట్టిన పదిహేడేళ్లకు!

డైసన్ గారి లెక్క

పట్టుదల ఉంటే సాధించలేనిది లేదంటారు. పట్టుదలలో జేమ్స్ డైసన్‌ను మించినవారు అరుదు. సంచీ అక్కరలేకుండా గాలిని సుడి తిప్పి దుమ్మును వేరుచేసే యంత్రం కోసం ఆయన 5,127 నమూనాలు చేశాడు. అందులో 5,126 పనికిరాలేదు. చివరిది పనికొచ్చింది. దానితోనే కోటీశ్వరుడయ్యాడు.

అలాంటి డైసన్ 2017లో విద్యుత్తు కారు చేస్తామని ప్రకటించాడు. వందలమంది ఇంజనీర్లను పెట్టాడు. ఏడుగురు కూచునే పెద్ద కారు తయారైంది. నడిచింది కూడా! ఒకసారి విద్యుత్తు నింపితే 600 మైళ్లు పోవాలన్నది దాని లక్ష్యం. అయినా 2019 అక్టోబరులో పని ఆపేశాడు. ఎందుకు? కారు బాగుండక కాదు, లెక్క కుదరక. ఒక్కొక్కటి లక్షా యాభై వేల పౌన్లకు అమ్మితే తప్ప ఖర్చు రాదని తేలింది. అంత ధర పెట్టి ఎందరు కొంటారు? అప్పటికే ఆయన సొంత డబ్బు 50 కోట్ల పౌన్లు ఖర్చయింది.

ఇందులోని కిటుకు మీరే ఒక లెక్కతో తెలుసుకోవచ్చు. కర్మాగారానికి, అచ్చులకు, యంత్రాలకు కలిపి వెయ్యి కోట్ల రూపాయలయిందనుకోండి. పదివేల కార్లే అమ్మితే ఒక్కొక్క కారు మీద పడే భారం పది లక్షలు. రెండు లక్షల కార్లు అమ్మితే ఆ భారం యాభై వేలు మాత్రమే! కాబట్టి ధర తగ్గాలంటే ఎక్కువ అమ్మాలి. ఎక్కువ అమ్మాలంటే ధర తగ్గాలి. పాత సంస్థలు పెట్రోలు కార్ల మీద వచ్చిన లాభంతో ఈ చిక్కును దాటగలవు. డైసన్‌కు అలాంటి పెట్రోలు కార్లు లేవు. ఆయనకున్నది దుమ్ము యంత్రాల డబ్బే. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా ఒక తెలివే. 5,127 నమూనాలు చేసిన మనిషి ఆగాడంటే, లెక్క ఎంత గట్టిదో చూడండి!

చేసిపెట్టేవారు కావాలి

"మేమే ఎందుకు చేయాలి? మా నమూనా ఇస్తాం, ఇంకొకరు చేసి పెడతారు" అనవచ్చు. ఆపిల్ ఫోన్లను బిగించేది ఆపిల్ కాదు. ఫాక్స్‌కాన్ వంటి సంస్థలు బిగించి ఇస్తాయి. కార్లకు కూడా ఇలాగే చేద్దామంటే ఎవరు ఒప్పుకుంటారు?

2021 జనవరిలో ఆపిల్‌తో మాటలు నడుస్తున్నాయని కొరియాలోని హ్యుండాయ్ సంస్థ అన్నది. ఫిబ్రవరి వచ్చేసరికి అలాంటి మాటలేవీ జరగడం లేదని హ్యుండాయ్, కియా రెండూ ప్రకటించాయి. కియా పేరు మీరు విన్నదే. పెనుకొండ దగ్గర కార్లు చేస్తున్నది ఆ సంస్థే. ఏటా మూడు లక్షల కార్లు చేయగల శక్తితో ఆ కర్మాగారాన్ని కట్టారు. 2017 చివరలో కట్టడం మొదలై, 2019 జనవరికల్లా ప్రయోగాత్మకంగా కార్లు బయటికి వచ్చాయి. అంత త్వరగా ఎలా వచ్చాయి? 1944లో సైకిలు భాగాలతో మొదలైన ఆ సంస్థకు దశాబ్దాల అనుభవం ఉంది కనుక. అలాంటి అనుభవం ఉన్న సంస్థ తన పేరు వదులుకుని, మరొకరి పేరు మీద కార్లు చేసిపెట్టమంటే వెంటనే తలూపుతుందా?

గూగుల్ మరో దారి పట్టింది. 2014లో స్టీరింగు లేని గుండ్రని బుల్లి కారును చూపించింది. 2017లో దాన్ని పక్కన పెట్టింది. దాని తోబుట్టువు సంస్థ వేమో, పాత సంస్థల దగ్గర కార్లు కొని, వాటికి తన కెమెరాలూ కంప్యూటర్లూ బిగించి, డ్రైవరు లేకుండా నడిపించే పని మీదే మనసు పెట్టింది. తనకు వచ్చిన పని తాను చేసి, రాని పనిని వచ్చినవారికి వదిలేసింది.

అమ్మిన తర్వాత కూడా

ఫోను మూడు నాలుగేళ్లు పనిచేస్తే చాలు, మళ్లీ కొత్తది కొంటాం. కారు పది పదిహేనేళ్లు నడవాలి. ఎండలో నిలబడాలి, వానలో తడవాలి, గుంటలలో ఎగరాలి. ఫోనును సున్నా నుంచి 35 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య వాడండని ఆపిల్ చెబుతుంది. కారు ఇంజను దగ్గర పెట్టే చిప్పులను సున్నాకు 40 డిగ్రీల కిందనుంచి 125 డిగ్రీల వేడి దాకా పరీక్షిస్తారు. మన ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు తలుపు తీసి చూడండి, ఎందుకో మీకే తెలుస్తుంది!

పదేళ్ల తర్వాత తలుపు గొళ్లెం విరిగితే ఎవరిస్తారు? అప్పటికి కారు చేసిన సంస్థ ఉండాలి కదా! చైనాలో శోధన యంత్రానికి పేరుపొందిన బైదూ సంస్థ, కార్లు చేసే జీలీ సంస్థతో కలిసి 2021లో ఒక కొత్త సంస్థను పెట్టింది. 'జియూఎ' పేరుతో వారి కారు 2023లో బజారుకు వచ్చింది. 2024 డిసెంబరుకల్లా ఆ సంస్థకు డబ్బు కటకట వచ్చి పడింది. కార్లు కొన్నవారు "రేపు మరమ్మతు ఎవరు చేస్తారు?" అని బెంగపెట్టుకున్నారు. ఆ బాధ్యత విషయం తాము చూస్తామని బైదూ, జీలీ ముందుకు వచ్చి చెప్పవలసి వచ్చింది. కారు అమ్మడమంటే వస్తువు అమ్మడం మాత్రమే కాదు, పదిహేనేళ్ల మాట ఇవ్వడం.

షావోమి గెలుపు, షావోమి పాఠం

ఇన్ని కష్టాలూ దాటిన సంస్థ షావోమి. 2021 మార్చిలో దాని అధిపతి లేయ్ జున్, పదేళ్లలో వెయ్యి కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించాడు. బీజింగ్‌లో సొంత కర్మాగారం కట్టించాడు. 72 భాగాలను విడివిడిగా చేసి అతికే బదులు, ఒకే పోతలో పోసే 9,100 టన్నుల యంత్రాన్ని అందులో పెట్టారు. బ్యాటరీలను మాత్రం ఆ విద్యలో ఆరితేరిన సీఏటీఎల్, బీవైడీ సంస్థల దగ్గర కొన్నారు. 2024 మార్చిలో 'ఎస్‌యూ7' కారు విడుదలైంది. ఆ ఏడాదిలోనే లక్షా ముప్పై అయిదు వేలకు పైగా కార్లు అమ్మారు.

మొదట్లో నష్టమే వచ్చింది. 2024 ఏప్రిల్ నుంచి జూన్ వరకు 27 వేలకు పైగా కార్లు ఇచ్చి, కార్ల వంటి కొత్త వ్యాపారాల మీద 180 కోట్ల యువాన్లు పోగొట్టుకున్నది. కారుకు సుమారు 66 వేల యువాన్లన్నమాట. ఫోన్ల మీద వచ్చే డబ్బు ఉన్నది కనుక తట్టుకున్నది. 2025 జులై-సెప్టెంబరు నెలలలో ఆ విభాగానికి తొలిసారి లాభం వచ్చింది.

కాని అంతకుముందే, 2025 మార్చి 29 రాత్రి, అన్‌హుయ్ రాష్ట్రంలోని ఒక రహదారి మీద ఘోరం జరిగింది. ఒక ఎస్‌యూ7 కారు గంటకు 116 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. డ్రైవరుకు సాయపడే కంప్యూటరు దాన్ని నడిపిస్తున్నది. ముందు రోడ్డు మరమ్మతు జరుగుతున్నందువల్ల ఒక వరుసను మూసివేశారు. కంప్యూటరు అడ్డును గుర్తించి హెచ్చరించింది. నడుపుతున్న విద్యార్థిని స్టీరింగు అందుకున్నది. కాని హెచ్చరికకూ గుద్దుకోవడానికీ మధ్య ఉన్న వ్యవధి కొద్ది సెకన్లే. కారు గంటకు 97 కిలోమీటర్ల వేగంతో కాంక్రీటు గోడను తాకింది. ముగ్గురు విద్యార్థినులు చనిపోయారు.

మళ్లీ లెక్క చూడండి. గంటకు 116 కిలోమీటర్లంటే సెకనుకు 32 మీటర్లు. ప్రమాదం గుర్తించి కాలు బ్రేకు మీదికి పోయేలోపలే, ఒక్క సెకనులో, 32 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా ఆగడానికి ఇంకో 65 మీటర్లు కావాలి. మొత్తం దాదాపు వంద మీటర్లు! యంత్రం మీద భారం వేసి కూచున్న మనిషికి పరిస్థితి అర్థమవడానికి ఒక్క సెకను చాలకపోవచ్చు కూడా.

తప్పు ఎవరిదో తేల్చడం విచారణ చేసేవారి పని. ఆ తర్వాత జరిగినవి మాత్రం అందరికీ తెలిసినవే. 2025 ఏప్రిల్‌లో చైనా ప్రభుత్వం కార్ల సంస్థలను పిలిచి, కారు తనంతట తానే నడుస్తుందన్న భ్రమ కలిగించే ప్రకటనలు ఇవ్వవద్దని చెప్పింది. సెప్టెంబరులో, అరుదైన పరిస్థితులను గుర్తించి హెచ్చరించడంలో లోపం ఉండవచ్చని, లక్షా పదహారు వేలకు పైగా ఎస్‌యూ7 కార్లలోని ఆదేశాలను షావోమి సరిదిద్దవలసి వచ్చింది.

ఫోనులో ఒక పని చెడిపోతే ఆపి మళ్లీ వెలిగిస్తాం. "ముందు విడుదల చేద్దాం, తప్పులుంటే తర్వాత దిద్దుకుందాం" అనే అలవాటు అక్కడ చెల్లుతుంది. మనుషులు ఎక్కే బండిలో చెల్లదు.

మగ్గం నేర్పిన సంగతి

అయితే ఒక వృత్తివారు మరో వృత్తిలో రాణించనే లేరా? ఎందుకు లేరు! ప్రపంచంలో అన్నిటికన్న పెద్ద కార్ల సంస్థలలో ఒకటైన టొయోటా ఒకప్పుడు ఏం చేసేదో తెలుసా? మగ్గాలు!

జపానులో సాకిచి టొయోడా 1924లో ఒక గొప్ప మరమగ్గాన్ని తయారుచేశాడు. పడుగులో ఒక్క పోగు తెగినా ఆ మగ్గం తనంతట తానే ఆగిపోయేది. ఆగకపోతే మూరల కొద్దీ బట్ట పాడవుతుంది కదా! ఆయన కొడుకు కిఇచిరో 1933లో ఆ మగ్గాల సంస్థలోనే కార్ల విభాగం తెరిచాడు. మొదట చేసిన లారీలు దారిలో తరచు చెడిపోయేవి. వాటిని బాగుచేస్తూ, ఎందుకు చెడిపోయాయో నేర్చుకుంటూ 1937లో టొయోటా మోటారు సంస్థను నిలబెట్టారు.

మగ్గానికీ కారుకూ ఏం పోలిక? ఒక్క భాగం కూడా కలవదు. కాని ఒక అలవాటు మాత్రం మగ్గం నుంచి కార్ల కర్మాగారానికి వచ్చింది. టొయోటా కర్మాగారంలో ప్రతి పనివాడి దగ్గరా ఒక తాడు వేలాడుతూ ఉండేది. ఎక్కడైనా లోపం కనబడితే ఎంత చిన్న పనివాడైనా తాడు లాగవచ్చు. లోపం సరిచేయడానికి అవసరమైతే వరుస మొత్తం ఆగుతుంది. పోగు తెగితే మగ్గం ఆగినట్టే! ఎంత ఆలస్యమైనా, ఎంత డబ్బు నష్టమైనా, తెగిన పోగుతో బట్ట నేయకూడదు.

కొత్తగా కార్లలోకి దిగే సంస్థలు డబ్బుతో కర్మాగారాలను కొనవచ్చు, ఇంజనీర్లను పిలిపించుకోవచ్చు. ఈ అలవాటు మాత్రం బజారులో దొరకదు. దాన్ని రోజూ కొంచెం కొంచెంగా సంపాదించుకోవాలి. పెద్దయ్యాక మీలో ఎవరు ఏ యంత్రం చేసినా, దానిమీద ఒక మనిషి ప్రాణం ఆధారపడి ఉంటే, తాడు లాగడానికి సంకోచించకండి.

మీరే లెక్క కట్టండి: మీరూ మీ సైకిలూ కలిపి 50 కిలోలు. మీరు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు. మీ గతిశక్తి ఎంత? వేగం రెట్టింపు చేస్తే ఆ శక్తి ఎన్ని రెట్లవుతుంది? (జవాబు: 625 జౌళ్లు, నాలుగు రెట్లు.) సైకిలు బ్రేకులు ఎప్పటికప్పుడు ఎందుకు చూసుకోవాలో ఆ నాలుగు రెట్లే చెబుతాయి!